చైను మిషన్ సర్వీసుకు మూడున్నర స్టార్లు, ఏజెంటుకు ఒకటే

ముందే చెప్పేస్తా. చైను మిషనంటే టైర్ల బదులు చైను పట్టాల మీద నడిచే వరి కోత మిషన్. కోత బాగుంది, డ్రైవరు బంగారం, ఏజెంటు దగ్గర లెక్క మాత్రం జాగ్రత్త. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసినా నష్టమేం లేదు. మిగిలినవాళ్ళకు కొంచెం పొడుగ్గా రాస్తా, ఎందుకంటే ఈ రివ్యూలో నా నాలుగెకరాల వరితో పాటు కోత మిషన్ ఎవరు కనిపెట్టారనే దాదాపు రెండు వందల ఏళ్ళ తగాదా ఒకటి కలిసిపోయింది, విడదీసి రాయడం నాకు చేతకాదు.

మాది కడప జిల్లా, మైదుకూరు పక్కన, కేసీ కాలువ కింద మడి. నేను ప్రొద్దుటూరులో మోటారు వైండింగ్ అంగడి నడుపుతా, సేద్యం నాయనదే, కోతలప్పుడు మాత్రం నేను పోవాల్సిందే. ఈసారి కూడా సాంబా మసూరే, 5204 రకం వరి. డిసెంబరు మొదట్లో పట్టుకున్న వాన మూడు రోజులు వదల్లేదు. కంకి బరువు మీదుంది, దాని మీద వాన పడితే ఇంక నిలబడుతుందా? ఒకటిన్నర ఎకరా చాప పరిచినట్టు పడిపోయింది. కూలోళ్ళు దొరకరు, దొరికినా పడిపోయిన వరి అంటే ముఖం తిప్పుకుంటారు. టైరు మిషన్‌కు గంట రేటు తక్కువే గానీ ఆ తేమలో అది దిగబడిందంటే బయటికి లాగడానికి రెండు ట్రాక్టర్లు కావాలి. కాబట్టి చైను మిషనే దిక్కు. ఏజెంటుకు ఫోన్ చేశాను, గంటకు 3,300 అన్నాడు, ఒప్పుకున్నాను. పేరు రాయను, మళ్ళీ వచ్చే కారుకు అతనితోనే పని పడొచ్చు.

"సోమవారం తెల్లారేసరికి మీ మడిలో ఉంటాది సామీ" అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. మధ్యలో పదకొండు ఫోన్లు, ప్రతిసారీ "బయల్దేరింది సామీ, దావలో ఉంది" అనే జవాబు. ఆ రోజున్నర టెన్షన్ మామూలుది కాదు, పైన మబ్బు, కింద మొలకొచ్చేలా ఉన్న గింజ. దీనికే ఒక స్టారు కోశాను.

లారీ మీంచి మిషన్ దింపుతూ ఏజెంటు ఒక కార్డు ఇచ్చాడు, దాని మీద పెద్దక్షరాలతో "మండలంలోనే మొట్టమొదటి హార్వెస్టర్ సర్వీసు" అని. పక్కనే ఉన్న మా చిన్నాయన ఆ కార్డు చూసి ఊరుకుంటాడా. "మొట్టమొదట తెచ్చింది మేమురా, కాలవ తట్టు మడిలో టైరు మిషన్ దిగినప్పుడు మీరంతా చూడ్డానికొస్తిరి కదా" అన్నాడు. ఆ తట్టు నుంచి ఇంకో పెద్దాయన, "తెస్తిరి, దిగబడిపాయె, ఒక్క సాలన్నా కోసిందా అది? ఆ మరుసటేడు మేం చైనుది తెచ్చినాకే కదా ఊరికి కోత మిషనంటే ఏందో తెలిసింది" అన్నాడు. మా ఊళ్ళో ఈ పంచాయితీ ఏటా కోతలప్పుడు లేస్తుంది, ఏటా తెగకుండానే మిగులుతుంది. నేను నవ్వుకున్నాను, ఎందుకంటే అసలు కోత మిషన్ పుట్టిన చోట కూడా అచ్చం ఇదే గొడవ. తెచ్చిందొకరు, కోసిందొకరు, పేరు ఇంకొకరిది.

మా చిన్నప్పుడు జీకే బిట్లలో "రీపర్‌ను కనిపెట్టినది ఎవరు" అంటే "సైరస్ మెకార్మిక్" అని బట్టీ కొట్టేవాళ్ళం. రీపరంటే పైరు కోసే మిషన్. మోటార్లు విప్పి చుట్టే పనిలో పడ్డాక నాకర్థమైందేంటంటే, ఏ మిషనైనా ఒక్కడి తలలోంచి ఊడిపడదు. ఈ పిచ్చితోనే రీపరు కథ కూడా తవ్వాను.

ఆ కథ అక్కడే ఎందుకు గుర్తొచ్చిందో చెప్తా. పని మొదలైన నలభై నిమిషాలకు టక్కుమని చప్పుడైంది. పడిపోయిన వరి కింద గట్టు రాయి ఒకటి కనపడకుండా ఉంది, బ్లేడు దాన్ని కొట్టింది. డ్రైవరు సేలం తట్టు తమిళతను, పాతికేళ్ళుంటాయి, దిగి చూసి తల గోక్కోలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. సీటు కింద నుంచి బిస్కెట్ డబ్బా తీశాడు. అందులో మూడు మూలల బ్లేడు ముక్కలు, రివెట్లు, చిన్న సుత్తి. పాత రైలు పట్టా ముక్క ఒకటి అడుగున పెట్టుకుని, విరిగిన రెండు బ్లేళ్ళ రివెట్లు కొట్టి ఊడదీసి, కొత్తవి పెట్టి, తల చితక్కొట్టి బిగించాడు. బ్లేడు ముందు వేళ్ళలా పొడుచుకొచ్చే ఇనుప ఫింగరు ఒకటి కూడా వంగింది, దాన్ని పైపు తొడిగి సరిచేశాడు. రెండు గంటలు పట్టింది, గంటన్నర ఆ బ్లేడు బారును బయటికి లాగడానికే. నేను గట్టు మీద కూర్చుని అతని చేతులే చూస్తున్నా. నా అంగట్లో పనికి పెట్టుకోవాలనిపించింది, అబద్ధం ఎందుకు.

విరిగిన బ్లేడు ముక్క చేతిలోకి తీసుకుని చూడండి ఎప్పుడైనా. త్రికోణం, రెండు అంచులకూ సన్నటి పళ్ళు. ఇట్లాంటివి వరసగా ఒక పట్టీకి కొట్టి ఉంటాయి, ఆ పట్టీ ఫింగర్ల సందుల్లో అటూ ఇటూ ఆడుతుంది, ఫింగరు పైరు కర్రను పట్టుకుంటుంది, బ్లేడు తెంచుతుంది. ఈ ఏర్పాటు మెకార్మిక్‌ది కాదు. ఓబెడ్ హస్సీ అనే అతనిది. కుర్రతనంలో తిమింగలాల వేటకు సముద్రం మీద తిరిగిన మనిషి, 1833 ఎండాకాలంలో అమెరికాలోని ఒహాయోలో జనం ముందు తన మిషన్ నడిపించి, ఆ ఏడాదే డిసెంబరు 31న పేటెంటు తీసుకున్నాడు. మెకార్మిక్ పేటెంటు 1834 జూన్ 21న. అంటే కాగితం మీద హస్సీనే ముందు. కానీ మెకార్మిక్ ఏమన్నాడంటే, నేను 1831లోనే వర్జీనియాలో మా పక్కూరి చేలో కోసి చూపించాను, అప్పటికి నాకు 22 ఏళ్ళు, అని. హస్సీ మిషన్ గురించి పత్రికలో చదవగానే ఆ పత్రికకే ఉత్తరం రాశాడు, ముందు నాది అని. అక్కడ మొదలైంది.

1831 నాటి ఆ మిషన్ కత్తి తిన్నగా పళ్ళ రంపంలా ఉండేది, మూడు మూలల ముక్కలు కాదు. మెకార్మిక్ బలం వేరే చోట ఉంది: పైరును కత్తి మీదికి వంచే రీలు, కోసిందాన్ని పట్టుకునే బల్ల, పైరును చీల్చే ముక్కు, మొత్తాన్నీ ఒక చక్రం నుంచి నడిపించే పళ్ళ చక్రాలు, ఇవన్నీ ఒకదానికొకటి అమరేలా కూర్చాడు. హస్సీ మిషన్‌కు చాలాకాలం రీలే లేదు, పెట్టమన్నా వినలేదు, మొండోడు. ఈ రోజు నా మడిలోకి వచ్చిన చైను మిషన్ ముందు భాగం చూస్తే రీలూ ఉంది, ఆ త్రికోణం బ్లేళ్ళూ ఉన్నాయి. కోర్టుల్లో కొట్టుకున్న ఇద్దరూ ఒకే ఇనుప బారు మీద పక్కపక్కన తిరుగుతున్నారు.

ఆగండి, వీళ్ళిద్దరికంటే ముందోడు ఒకడున్నాడు. పాట్రిక్ బెల్, స్కాట్లాండు రైతు కొడుకు, పాస్టరు చదువు చదువుతున్న కుర్రాడు. తోటలో కంచెకు గుచ్చి ఉన్న పెద్ద కత్తెర చూసి అతనికి ఆలోచన వచ్చిందంటారు. మిషన్ తయారుచేసి, పరీక్షించడానికి ఊరోళ్ళు చూస్తే నవ్వుతారని, కొట్టంలోకి మట్టి మోసుకొచ్చి పరిచి, అందులో ఓట్స్ కర్రలు ఒక్కొక్కటీ చేత్తో నాటి, తలుపులేసుకుని దాని మీద మిషన్ తోశాడు. తర్వాత 1828లో అన్నదమ్ములిద్దరూ రాత్రి పదకొండు గంటలప్పుడు గుర్రాన్ని కట్టుకుని చేలోకి పోయి కోసి చూశారు. రాత్రిపూట దొంగతనంగా సొంత చేను కోసుకున్నోడు చరిత్రలో ఇతనొక్కడేనేమో! అతని మిషన్‌కు గుర్రాలు వెనక నుంచి తోస్తాయి, కాబట్టి పైరు తొక్కిపోదు, కోసింది గుడ్డ పట్టా మీద పక్కకు జారిపోతుంది. మనం ఇప్పుడు వాడే మిషన్ కూడా కోత భాగం ముందరే పెట్టుకుని పోతుంది కదా. బెల్‌కు ఒక వ్యవసాయ సంఘం 50 పౌండ్లు బహుమతి ఇచ్చింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు, అందరికీ ఉపయోగపడాలని. తర్వాత పాస్టరయ్యాడు. ఆ మిషన్ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

రివెట్లు కొడుతున్న డ్రైవరుకు ఈ బెల్ కథ నా వచ్చీరాని తమిళంలో చెప్పాను. అతను సుత్తి ఆపి, "పేటెంటు తీసుకోలేదా అన్నా? అయితే స్పేరు ఎవరు అమ్మినారు?" అన్నాడు.

ఆ మాటకు నేను పడిపోయాను. మెకార్మిక్ ఎందుకు గెలిచాడో అందరూ పేజీలకు పేజీలు రాస్తారు, ఇతను ఒక్క ముక్కలో తేల్చేశాడు. మెకార్మిక్ 1847లో షికాగోకు మారి ఫ్యాక్టరీ పెట్టాడు. మిషన్ రేటు ముందే ప్రకటించాడు, 120 డాలర్లు, 30 ముందు కట్టు, మిగతాది పంటొచ్చాక. ఊరూరా ఏజెంట్లు, వాళ్ళ దగ్గర స్పేర్లు, కోయకపోతే వెనక్కి తీసుకుంటాననే గ్యారంటీ. వాయిదాల మీద మిషన్ అమ్మడం మన ట్రాక్టరు షోరూములు పుట్టకముందే అతను మొదలుపెట్టేశాడు. హస్సీ దగ్గర మంచి కత్తి ఉంది, డబ్బాలో స్పేర్లు పెట్టుకుని సీజన్లో మడి గట్టుకొచ్చి నిలబడే మనిషి లేడు. ఒక సర్వీసుకు స్టార్లు ఇచ్చేటప్పుడు నేను చూసేదీ అదే. మిషన్ కొత్తదా పాతదా అని కాదు, విరిగినప్పుడు ఎవడున్నాడు అని.

1851లో లండన్లో మహా ప్రదర్శన జరిగింది. అక్కడ మెకార్మిక్ మిషన్‌ను చూసి పేపరోళ్ళు వెక్కిరించారు. తర్వాత ఇంగ్లండులోనే ఒక చేలో పోటీ పెట్టారు, వాన పడుతోంది, గోధుమ తడిసి పచ్చిగా ఉంది. హస్సీ మిషన్‌కు గడ్డి అడ్డుపడి ఆగిపోయింది, దాన్ని నడిపిన వాళ్ళకు అలవాటు లేదు, హస్సీ అక్కడ లేడు కూడా. మెకార్మిక్‌ది సాఫీగా కోసుకుపోయింది, మెడల్ కొట్టింది. రెండు నెలలకు హస్సీ స్వయంగా వచ్చి నడిపితే ఇంకో చోట అతనిదే గెలిచింది. నా మడిలో కూడా అదే జరిగింది, ఇదే మిషన్ పక్క మడిలో వేరే డ్రైవరు నడిపితే పడిపోయిన వరి తల మీదుగా పోయి సగం కంకులు కిందే వదిలేసిందట. మా అతను పైరు ఏ తట్టు పడిందో చూసి, దానికి ఎదురుగా పోతూ రీలు బాగా దించి, మెల్లగా లాగాడు. ఎగువ నుంచి దిగువకు ఒక సాలు, ఖాళీగా వెనక్కి, మళ్ళీ సాలు. టైం ఎక్కువ పట్టింది, గింజ దక్కింది.

గింజ రాలుడు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మిషన్ పోయే దారిలో వెనక ఒక గోనెపట్ట పరిచి, దాని మీద పడ్డ గడ్డి ఎత్తి దులిపి చూశాను. మొదటిసారి దోసెడు తాలు, అందులో మంచి గింజలు కూడా బాగానే కనపడ్డాయి. డ్రైవరుకు చూపిస్తే వాదించలేదు, ఫ్యాన్ గాలి తగ్గించి, స్పీడు తగ్గించాడు. రెండోసారి గుప్పెడు తాలే, గింజలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. నాయన మాత్రం ఒప్పుకోలేదు. "కొడవలైతే ఒక్క గింజ పోదు" అన్నాడు. పోయేది నాయనా, కుప్ప నూర్చేటప్పుడు, ఎలుకలకు, ఎగబోసేటప్పుడు పోయేది, లెక్క రాసినోడు లేడంతే.

గడ్డి విషయంలో నాయనే కరెక్టు. మిషన్ గడ్డి నలిగిపోతుంది, తడిదైతే బూజు పడుతుంది, వామి వేస్తే చేత్తో కోసిన గడ్డి లాగా నిలవదు. మా బర్రెలు వాసన చూసి తల తిప్పుకున్నాయి. ఇంకొంచెం కిందికి కోయమని ముందే చెప్పి ఉండాల్సింది, అది నా తప్పు, సర్వీసుది కాదు.

తగాదా కథ ఇంకా కొంచెం ఉంది, వదిలేస్తే నాకే నిద్రపట్టదు. 1848లో మెకార్మిక్ పాత పేటెంటు గడువు తీరింది, పొడిగించమన్నాడు, హస్సీ అడ్డుపడ్డాడు, ప్రభుత్వం పొడిగించలేదు. అంతే, ఎవరు పడితే వాళ్ళు రీపర్లు చేయడం మొదలుపెట్టారు. వాళ్ళలో మానీ అనే అతని మీద మెకార్మిక్ 4 లక్షల డాలర్లకు దావా వేశాడు. 1855లో సిన్సినాటీలో విచారణ. మానీ తరఫున పెట్టుకున్న లాయర్లలో ఒకాయన అబ్రహాం లింకన్, ఆ లింకనే. పెద్ద లాయర్లు ఆయన్ని చూసి ఈ పల్లెటూరోడెవడు అన్నట్టు పక్కన పెట్టేశారు, నోరు విప్పే అవకాశమే రాలేదు. వాళ్ళలో ఒకడు స్టాంటన్. లింకన్ ఆ అవమానం మింగి, అధ్యక్షుడయ్యాక 1862లో అదే స్టాంటన్‌ను యుద్ధ మంత్రిని చేశాడు. కేసు మెకార్మిక్ ఓడిపోయాడు. లింకన్ ఆ కోర్టులో నోరు మూసుకుని కూర్చున్న నాటికి మా కేసీ కాలువ ఇంకా తవ్వనే లేదు.

హస్సీ 1860లో పోయాడు. రైలు ఆగితే ఒక బిడ్డకు నీళ్ళు తెద్దామని దిగి, కదిలే రైలు ఎక్కబోయి కింద పడ్డాడు.

మెకార్మిక్ 1884లో పోయాడు, అప్పుడన్నా గొడవ చల్లారిందా అంటే లేదు, ఇంట్లోనే లేచింది. తమ్ముడు లీయాండర్ "అసలు మిషన్ చేసింది మా నాయన రాబర్ట్, అన్న పేరు కొట్టేశాడు" అని అచ్చేసి మరీ పంచాడు. నిజమే, నాయన ఇరవై ఏళ్ళ పాటు ఆ మిషన్ కోసం తంటాలు పడ్డాడు. ఇంటి ఆస్తి తగాదాలు మన దగ్గరే అనుకున్నా! ఈ అన్నదమ్ముల మధ్య ఎవరూ పట్టించుకోని పేరు ఇంకోటుంది, జో ఆండర్సన్. ఆ ఇంట్లో బానిస. కొలిమి దగ్గర నిలబడి ఆ మొదటి మిషన్ కట్టడంలో చేయి వేసినవాడు. పేటెంటు కాగితంలో అతని పేరు లేదు, ఉండే వీలే లేదు.

కోసి, నూర్చి, తూర్పారబట్టేది, అంటే మనం పిలిచే హార్వెస్టరు, అది ఇంకో కథ. మిషిగన్‌లో హైరమ్ మూర్ 1836లోనే పేటెంటు తీసుకున్నాడు, లాగడానికి పదహారు గుర్రాలు పైనే కావాలి. ఆస్ట్రేలియాలో 1843లో జాన్ రిడ్లీ కంకులు మాత్రమే దువ్వి నూర్చే బండి చేస్తే, ఆ ఆలోచన నాది అని బుల్ అనే అతను జీవితమంతా కొట్లాడాడు. వీళ్ళందరికంటే ముందు, మొదటి శతాబ్దంలోనే, ప్లినీ అనే రోమను రచయిత రాశాడు, గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్సు తట్టు) అంచున పళ్ళున్న పెట్టెకు చక్రాలు కట్టి, వెనక నుంచి పశువుతో తోయించి కంకులు తెంపుతారని. కాబట్టి మొట్టమొదటి అని కార్డులు కొట్టించుకునే ముందు కాస్త ఆలోచించండి ఏజెంటు గారూ.

ఇంక లెక్క దగ్గరికి వద్దాం, అసలు రివ్యూ ఇక్కడుంది. మిషన్లో అవర్ మీటరు ఉంటుంది, మొదలుపెట్టేముందు ఫోటో తీయండి, నేను తీశాను, 2312.4. అయిపోయాక 2318.1. తేడా 5.7. సాయంత్రం డబ్బులకొచ్చిన ఏజెంటు ఏమన్నాడంటే, "ఐదు గంటల డెబ్బై నిమిషాలు సామీ, అంటే ఆరు గంటల పది నిమిషాలు, 20,350 అవుతాది." నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, ఎందుకంటే ఈ లెక్కతో సీజన్లో ఎంతమంది దగ్గర ఎంత లాగి ఉంటాడో. మీటర్లో పాయింటు తర్వాత అంకె గంటలో పదో వంతులు, నిమిషాలు కాదు. .7 అంటే 42 నిమిషాలు. రిపేరయ్యాక ఊరికే ఇంజను ఆన్ చేసి బ్లేడు ఆడించి చూసింది 18 నిమిషాలు, అంటే .3, అది నేనెందుకివ్వాలి? మిగిలింది 5.4, 17,820. "మీటరు కంపెనీవాళ్ళు పెట్టింది, మేం పెట్టలేదు కదా" అని కాసేపు గొణిగాడు. ఆఖరికి డ్రైవరే "అన్న చెప్పింది కరెక్టే" అనేసరికి 17,800 తీసుకుని పోయాడు. డ్రైవరు ఆ మాట అన్నందుకు అతనికి తర్వాత ఏమైనా మాట పడిందేమో తెలియదు, పడి ఉంటే బాధే.

నాయన డ్రైవరుకు విడిగా మూడొందలిచ్చాడు, రాత్రికి సంకటి, పప్పు పెట్టాం, పచ్చిమిరపకాయ కొరుకుతూ రెండు ముద్దలు తిన్నాడు.

స్టార్లు: కోతకు ఐదు, రిపేరుకు ఐదు, టైముకు రెండు, లెక్కకు ఒకటి, గడ్డికి స్టార్లు బర్రెలనడగండి. మొత్తం మీద మూడున్నర. వడ్లు మూడు రోజులు ఆరబోసి, తేమ 17 శాతం లోపుకొచ్చాక కాటా పెట్టించాం.

వచ్చే కారుకు ఏజెంటుకు కాకుండా నేరుగా డ్రైవరుకే ఫోన్ చేద్దామనుకుంటున్నా, నంబరు ఇచ్చాడు. విరిగిన బ్లేడు ముక్క అడిగితే, "ఇదెందుకన్నా, తుక్కు" అని నవ్వుతూ ఇచ్చాడు. ఇప్పుడది మా అంగట్లో గల్లాపెట్టె పక్కన ఉంది, వచ్చిన ప్రతి రైతూ "ఇదేంది" అని అడుగుతున్నాడు, నేను హస్సీ నుంచి మొదలుపెడుతున్నా, మోటారు రిపేరు ఆలస్యమవుతోంది.